కీరవాణి రాగం ట్యూన్‌కి స్ట్రింగ్స్ పెడితే హార్మోనియంలా వినిపిస్తోంది, ఎక్కడ తప్పుతోంది?

బోడుప్పల్_బీట్స్
నమస్తే అన్నలూ. ఒక షార్ట్ ఫిల్మ్‌కి రెండు నిమిషాల బిట్ చేస్తున్నా. కీరవాణి రాగం, డీ శ్రుతి, టెంపో 72. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్, శాంపుల్స్ (రికార్డు చేసిన వాద్యాల స్వరాలు) వాయించే కాంటాక్ట్ ప్లగిన్‌లో ఒక స్ట్రింగ్స్ (వయొలిన్, సెల్లో లాంటివి) లైబ్రరీ, ఐ5 ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, 49 మెట్ల మిడి కీబోర్డు (ఏ మెట్టు నొక్కామో కంప్యూటర్‌కి చెప్పేది), హెడ్‌ఫోన్స్. స్పీకర్లు లేవు.

ఏం చేసినా స్ట్రింగ్స్ హార్మోనియం పట్టుకుని కూర్చున్నట్టే ఉన్నాయి. లెగాటో (ఒకదాన్నొకటి అతుక్కుని సాగే) స్వరాలు తాళం వెనకాల పడుతున్నాయి, క్వాంటైజ్ చేస్తే (తాళం మీదికి సరిపెడితే) ఇంకా ఘోరం. పన్నెండు ట్రాకులు దాటగానే చిటపటలు. గమకం కోసం స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ వీల్ తిప్పితే క్యాసెట్ సాగినట్టుంది. ఇంకా ఖరీదైన లైబ్రరీ కొంటే సరిపోతుందా?

కమాను72
కొనకండి. ఉన్నదాంట్లో ముందు ఒక్క స్వరాన్ని ప్రాణంతో పలికించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పొడుగు స్వరాలకి చాలా లైబ్రరీల్లో వెలాసిటీ (మెట్టు నొక్కిన వేగం) పనిచేయదు. అది పిజికాటో (తంత్రి మీటడం), స్టకాటో (తుంచి వాయించడం) లాంటి పొట్టి స్వరాలకి. పొడుగు స్వరం మాట వినేది మిడి కంట్రోల్ సీసీ1కి, అంటే మాడ్ వీల్‌కి. అది కదిలినప్పుడు మెల్లగా వాయించిన రికార్డింగ్ నుంచి గట్టిగా వాయించిన రికార్డింగ్‌కి మారుతుంది. కమాను ఒత్తిడి పెరిగితే నాదం రంగు ఎలా మారుతుందో అలా. సీసీ11 ఉత్త వాల్యూమే. వీల్ ఒకేచోట వదిలేస్తే ఏ లైబ్రరీ అయినా హార్మోనియమే.

నాలుగు అక్షరాల పంచమం తీసుకోండి. సీసీ1 45 దగ్గర మొదలై, మూడో అక్షరానికి 80కి చేరి, చివరికి 55కి దిగాలి. తర్వాతి స్వరం ఆ 55 నుంచే అందుకోవాలి. ప్రతిసారీ 45కి పడేసి మొదలుపెడితే ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుంది. ఇదంతా మౌస్‌తో గీయొద్దు. ట్రాక్ రికార్డ్ మోడ్‌ని మిడి ఓవర్‌డబ్‌లో పెట్టి, ట్యూన్ నోటితో పాడుకుంటూ వీల్ తిప్పండి. మీ ఊపిరి ఆగే చోట కర్వ్ దిగుతుంది, వాక్యం దానంతటదే ఏర్పడుతుంది. మొదటి వయొలిన్ల కర్వ్‌ని కాపీ చేసి మిగతా అన్నిటికీ అంటించొద్దు, ఒక్కో విభాగానికీ విడిగా తిప్పండి.

రెండో కారణం కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు). ఎన్‌సెంబుల్ ప్యాచ్ (విభాగాలన్నీ కలిపిన శబ్దం) మీద ఎడమ చేత్తో మూడు మెట్లు నొక్కితే విభాగమంతా మూడింతలై పలుకుతుంది, అక్కడే కీబోర్డు వాసన. విడివిడిగా పంచండి. డీ మైనర్‌కి బేస్ 38, సెల్లో 45, వయోలా 53, రెండో వయొలిన్లు 62, పైన మొదటి వయొలిన్లు ట్యూన్ వాయిస్తాయి. ఇవి మిడి నంబర్లు. మధ్య సీ ఒక సాఫ్ట్‌వేర్‌లో సీ3, ఇంకోదాంట్లో సీ4 అని చూపిస్తుంది కాబట్టి పేర్లు నమ్ముకుంటే ఒక స్థాయి తేడా వస్తుంది. వయొలిన్ 55 కిందికి, వయోలా 48 కిందికి, సెల్లో 36 కిందికి దిగవు. కింద ఎడం ఎక్కువ, పైన తక్కువ. కింద రెండు స్వరాలు దగ్గరగా పెడితే బురదే. ఇంకొకటి, ఏ (A) మేజర్ కార్డ్‌లో కాకలి నిషాదాన్ని (సీ షార్ప్) రెండు విభాగాలకి ఇవ్వకండి. అది షడ్జానికి ఎక్కాలని తహతహలాడే స్వరం, ఇద్దరూ కలిసి ఎక్కితే చెవికి గుచ్చుకుంటుంది.

బఫర్_సికింద్రాబాద్
ఆలస్యం, చిటపటల సంగతి నేను చెప్తా.

లెగాటో ప్యాచ్‌లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ధ్వని కూడా రికార్డింగే. అది అయ్యాకే అసలు స్వరం నిలబడుతుంది. మిడి నోటు సరిగ్గా తాళం మీదున్నా చెవికి వెనకాల వినిపించేది అందుకే, క్వాంటైజ్‌తో తీరేది కాదు. మెట్రోనోమ్‌తో నాలుగు స్వరాలు రెండర్ చేసి (ఆడియోగా మార్చి), వేవ్‌ఫామ్ జూమ్ చేసి ఎన్ని మిల్లీసెకన్లు వెనకుందో కొలవండి. 150 వచ్చిందనుకోండి, ఆ ట్రాక్ రూటింగ్ విండోలో మీడియా ప్లేబ్యాక్ ఆఫ్‌సెట్ దగ్గర మైనస్ 150 పెట్టండి. 72 టెంపోలో అక్షరం 833 మిల్లీసెకన్లు, దాంట్లో 150 అంటే ఎంత తేడానో చూడండి. వాక్యంలో మొదటి స్వరానికి ముందు జారుడు ఉండదు కాబట్టి అది ముందుగా వచ్చేస్తుంది, దాన్ని చేత్తో కుడికి జరపాలి.

చిటపటలకి: వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తయారుచేసే శబ్దం ముక్క) 128 శాంపుల్స్ (48 కిలోహెర్ట్జ్‌లో 2.7 మిల్లీసెకన్లు), వాయించడం అయ్యాక 1024. ప్రతి ట్రాక్ మీద రివర్బ్ (హాలు ప్రతిధ్వని) పెట్టుంటే అన్నీ తీసేసి ఒక్క బస్ (ఉమ్మడి ట్రాక్) మీద పెట్టి ట్రాకుల నుంచి దానికి సెండ్‌లు ఇవ్వండి, సగం బరువు అక్కడే దిగుతుంది, అందరూ ఒకే హాల్లో కూర్చున్నట్టూ ఉంటుంది. రెండు సెకన్ల హాల్, ప్రీ డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు ఖాళీ) 25 మిల్లీసెకన్లు, రివర్బ్‌లోకి 200 హెర్ట్జ్ కింద వెళ్ళకుండా కట్. పూర్తయిన ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చండి). కాంటాక్ట్‌లో వాడని శాంపుల్స్‌ని పర్జ్ చేస్తే (తీసేస్తే) ర్యామ్ ఖాళీ అవుతుంది. రీపర్ ఎలాగూ పనిని కోర్లకి పంచుతుంది కాబట్టి కాంటాక్ట్‌లోపల మల్టీప్రాసెసర్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంచండి.

మన దగ్గర మే నెల ఎండలకి ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తనే తగ్గించుకుంటుంది. పొద్దున ఆడిన ప్రాజెక్టు మధ్యాహ్నం చిటపటలాడితే అనుమానం దాని మీదే. పరుపు మీద పెట్టకండి, వెనక వైపు రెండంగుళాలు ఎత్తులో ఉంచండి. ఛార్జర్ పెట్టగానే 50 హెర్ట్జ్ గుయ్యిమనే చప్పుడు వస్తే ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ చూపించుకోండి. ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు.

రాంకోఠి_వయొలిన్
గమకం సంగతి. పిచ్ బెండ్ విభాగం మొత్తాన్ని, శాంపుల్‌లో ఉన్న వైబ్రాటోని (స్వరం వణుకుని), హాల్ ప్రతిధ్వనిని కలిపి సాగదీస్తుంది. క్యాసెట్‌లా ఉండేది అందుకే. పదహారు మంది వయొలిన్ల చేత నిలకడ స్వరాలు వాయించండి, గమకం ఒక్క సోలో గొంతుకే వదలండి.

సోలో ప్యాచ్‌తోనే చేయాలంటే ప్రతిధ్వని తక్కువున్నది, వైబ్రాటో లేనిది తీసుకోండి. బెండ్ రేంజ్ ప్లస్ మైనస్ రెండు స్వరస్థానాలైతే బెండ్ విలువ 4096 దగ్గర సరిగ్గా ఒక స్వరస్థానం. ప్లగిన్‌లో పన్నెండు పెట్టుంటే అదే గీత ఆరు స్వరస్థానాలు ఎగిరిపోతుంది, ముందు అది చూసుకోండి. ఊపు అన్నిసార్లూ ఒకే వేగంతో గీయకండి, సైరన్‌లా ఉంటుంది.

దానికన్నా ఒక మనిషి చేత వాయించుకోండి. హైదరాబాద్‌లో రాంకోఠి సంగీత కళాశాల వైపు కర్ణాటక వయొలిన్ నేర్చుకునేవాళ్ళు దొరుకుతారు. డీ అంటే వాళ్ళకి రెండు శ్రుతి. మన వయొలిన్‌కి తంత్రుల శ్రుతి వేరు కాబట్టి స్టాఫ్ నొటేషన్ ఇవ్వకుండా స్వరాలు రాసివ్వండి, ఏ=440 హెర్ట్జ్ ప్రమాణానికి సరిపెట్టిన తంబూరా హెడ్‌ఫోన్స్‌లో వినిపించండి. మైకు వయొలిన్‌కి రెండు మూడడుగుల పైన, 24 బిట్, పీక్ మైనస్ 12 డీబీ దాటకుండా. ఫ్యాన్ ఆపేయండి. ఆ ఒక్క గొంతు పైనుంటే వెనకున్న శాంపుల్స్ కూడా మనుషుల్లా వినిపిస్తాయి.

బోడుప్పల్_బీట్స్
అన్నా, సీసీ1తో పంచమం ఒక్కటి చేశా, నిజంగానే కమాను లాగినట్టుంది! మైనస్ 140 పెడితే లెగాటో తాళంలో కూర్చుంది. కానీ అదే ట్రాక్‌లో కీస్విచ్‌తో (వాయించే పద్ధతి మార్చే మెట్టు) పెట్టిన పిజికాటో ఇప్పుడు ముందే వచ్చేస్తోంది.

బఫర్_సికింద్రాబాద్
ఆఫ్‌సెట్ ట్రాక్ మొత్తానికి పడుతుంది, పిజికాటోకి అంత ఆలస్యం ఉండదు. రెండిటినీ వేరు ట్రాకుల్లో పెట్టి, పిజికాటోకి విడిగా కొలిచి ఇవ్వండి. కీస్విచ్ నోట్లు కూడా వాటి వాటి ట్రాకులోకి తీసుకెళ్ళడం మరిచిపోకండి, లేకపోతే సగం బిట్ ట్రెమోలోలో (కమాను గబగబా వణికించే పద్ధతిలో) మోగుతుంది.