పాముల వంశచరిత్ర: విడదీసింది భూగోళమా, కలిపింది సంకరమా?

గడ్డిపరక: నది అడ్డొస్తే, కొండ లేస్తే ఒక జాతి రెండవుతుందని చదువుకున్నాం. అమెరికా ర్యాట్‌స్నేక్‌ల (ఎలుకల్ని తినే పాముల) మీద 2000లో వచ్చిన పరిశోధన కూడా అదే చెప్పింది. నలుపు, పసుపు, బూడిద రంగుల్ని బట్టి చేసిన పాత విభజన జన్యువులతో సరిపోలేదు. మిసిసిపీ నది, అపలాచియన్ కొండలు మాత్రం హద్దులుగా సరిపోయాయి. మరి ఇప్పుడు ప్రతిదానికీ 'పాతకాలపు సంకరం', అంటే వేరువేరు వంశాలు ఎప్పుడో జతకట్టి జన్యువులు కలిశాయని, అంటున్నారెందుకు? ఇది అతిగా అనిపిస్తోంది.

నీటిఒడ్డు: గడ్డిపరక గారూ, ఆ పరిశోధన చూసింది మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్ఏని. అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి వైపు కథ అందులో కనబడదు. ఒక్క ఆడపాము ఏనాడో హద్దు దాటి జతకట్టినా, ఆ గుర్తు తరాల తరబడి నిలిచిపోవచ్చు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏ వేరే కథ చెబితే ఏది నమ్ముతారు?

గడ్డిపరక: పోలికలు కలిసినంత మాత్రాన సంకరం అనలేం కదా. ఉమ్మడి పూర్వీకుల్లో ఉన్న జన్యు వైవిధ్యమే రెండు వైపులా చెదురుమదురుగా మిగిలి ఉండొచ్చు.

నీటిఒడ్డు: ఒప్పుకుంటాను, అసలు చిక్కు అదే. కానీ దాన్ని తేల్చే లెక్క ఉంది. 'అ', 'ఆ' దగ్గరి జాతులు, 'ఇ' దూరపు చుట్టం అనుకోండి. మిగిలిపోయిన వైవిధ్యమే అయితే 'ఇ'తో పోలికలు 'అ'కీ, 'ఆ'కీ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకరికే బాగా ఎక్కువైతే జన్యువులు ఎక్కడో చేతులు మారినట్టే. అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల వారసత్వం మనలో ఉందని 2010లో చూపింది ఈ లెక్కే.

అలాగని భూగోళాన్ని నేను కొట్టిపారేయడం లేదు. యూరప్ గడ్డిపాముల్నే చూడండి. మంచుయుగాల్లో దూరమైన వంశాలు తర్వాత మళ్లీ ఎదురుపడ్డాయి. రైన్ నది ప్రాంతంలో రెండు వంశాలు కలిసేచోట సంకరపు పట్టీ (రెండూ జతకట్టే ప్రాంతం) సన్నగానే ఉంది. అందుకే పడమటి దాన్ని 2017లో వేరే జాతిగా గుర్తించారు. విడదీసిందీ, మళ్లీ కలిపిందీ భూగోళమే. కలిసినా జన్యువులు ఎంత దూరం పాకాయన్నదే నాకు ముఖ్యం.

గడ్డిపరక: ఆ లెక్క నాకు కొత్త. ర్యాట్‌స్నేక్‌ల విషయంలో తల్లి వైపు సాక్ష్యం ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నా. కానీ పట్టీ ఎంత వెడల్పుంటే ఒకే జాతి అనాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ గీత దగ్గర మాత్రం నా అనుమానం తీరలేదు.