రియాక్టర్ తుక్కును కరిగిస్తే రేడియోధార్మికత పోతుందా?

ప్రశ్న: కొలిమి_రాజు
జర్మనీలో మూతపడ్డ అణువిద్యుత్ కేంద్రాల స్టీలును కరిగించి మళ్లీ వాడుతున్నారు కదా. కరిగిస్తే అందులోని రేడియోధార్మికత ఏమవుతుంది? గ్రాముకు 0.8 బెకరెల్ (సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్) కోబాల్ట్-60 ఉన్న పైపుకు ఏడు రెట్లు మామూలు తుక్కు కలిపితే మామూలు వాడకానికి వదిలే పరిమితి 0.1కి దిగుతుంది. అలా ఎందుకు చెయ్యరు?

గామాలెక్క
పోదండీ, చోటు మారుతుందంతే. సీజియం 671 డిగ్రీలకే మరుగుతుంది, స్టీలు కరిగేది 1,500 దగ్గర. అందుకే సీజియం-137 ఆవిరై ఫిల్టర్ దుమ్ములో చేరుతుంది, కొంత కరిగిన లోహం మీద తేలే మలినాల పొరలో, అంటే స్లాగ్‌లో ఉంటుంది. యురేనియం, ప్లుటోనియం ఆక్సైడ్లయి స్లాగ్ పడతాయి. కోబాల్ట్-60 మాత్రం ఇనుమును వదలదు, దిమ్మెలోనే ఉండిపోతుంది.

కాబట్టి అసలు పని కరిగించకముందే. పైపును బ్యాండ్ సాతో నిలువునా చీల్చి, లోపలి తుప్పుపొరను గ్రిట్ బ్లాస్టింగ్‌తో తీసెయ్యాలి. గ్యాస్ కటింగ్ పెడితే ఆ పొర పొగై షెడ్డంతా పాకుతుంది. రియాక్టర్ పాత్ర పక్కన న్యూట్రాన్లు తిన్న స్టీలు వేరే కథ, రేడియోధార్మికత లోహం లోపలే పుడుతుంది కాబట్టి ఎంత గీకినా లాభం లేదు.

కరిగించడంలో పెద్ద లాభం కొలత. వంకర పైపు లోపలికి ప్రోబ్ దూరదు. ఇండక్షన్ ఫర్నేస్‌లో లోహం బాగా కలిసిపోతుంది కాబట్టి చిన్న శాంపిల్ హీటు (ఒకసారి కరిగించిన లోహం) మొత్తానికి సాక్ష్యం.

హీట్‌నంబర్
పరిమితి కోసమే పలచన చెయ్యడం జర్మనీలో నిషేధం. మామూలు కొలిమిలో కలుస్తుందని ముందే లెక్కగట్టి ఇచ్చే షరతుల విడుదల (ఫలానా పనికే అని ఇచ్చే అనుమతి) ఉంది, దాని అంకెలు వేరు. లేదంటే దిమ్మెల్ని నిల్వ ఉంచాలి: కోబాల్ట్ అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 5.27 ఏళ్లు, 0.8 నుంచి 0.1కి రావడానికి మూడు అర్ధాయువులు, అంటే దాదాపు 16 ఏళ్లు. అంత ఆగలేకపోతే అణు రంగంలోనే రేడియేషన్ ఆపే షీల్డింగ్ దిమ్మెలుగా, వ్యర్థాల పెట్టెలుగా పోత పోస్తారు.

ఒక్క కోబాల్టే చూసుకుని మోసపోకండి. కోబాల్ట్ 0.06, సీజియం 0.06 ఉంటే విడివిడిగా రెండూ పాసే. కానీ ఒక్కోదాన్ని దాని పరిమితి 0.1తో భాగించి కూడితే 1.2, ఒకటి దాటింది కాబట్టి ఫెయిల్.

గామాలెక్క
ఇంకోటి. నికెల్-63, ఐరన్-55 గామా పరికరానికి చిక్కవు, కోబాల్ట్‌తో నిష్పత్తి కట్టి అంచనా వేస్తారు. కోబాల్ట్ త్వరగా తరుగుతుంది, నికెల్-63కి వందేళ్ల అర్ధాయువు. పదేళ్ల కిందటి నిష్పత్తి వాడితే నికెల్ తక్కువగా కనబడుతుంది.

కొలిమి_రాజు
మరి మామూలు కొలిమికి గేటు దగ్గర పోర్టల్ మానిటర్ (లోపలికొచ్చే లారీల్లో రేడియేషన్ పట్టే పరికరం) చాలదా?

హీట్‌నంబర్
అది పట్టేది దారితప్పిన సోర్సుల్ని (పరిశ్రమల్లో, ఆసుపత్రుల్లో వాడే గాఢమైన రేడియోధార్మిక బిళ్లలు), 0.1 బెకరెల్‌ని కాదండీ. సోర్సు సీసం డబ్బాలో ఉంటే అదీ తప్పించుకుంటుంది. 1998లో స్పెయిన్‌లోని లోస్ బర్రియోస్‌లో సీజియం సోర్సు ఎవరూ గమనించకుండా కరిగిపోయింది, పొగగొట్టం నుంచి వెళ్లింది యూరప్ దేశాల గాలి ఫిల్టర్లలో దొరికింది. గేటుతో పాటు ఫిల్టర్ దుమ్ము దిగేచోట ఒక డిటెక్టర్, శాంపిల్ టేబుల్ దగ్గర ఒకటి పెట్టించండి. సీజియం దుమ్ము దగ్గరి దానికి చిక్కుతుంది, కోబాల్ట్ శాంపిల్ టేబుల్ దగ్గరి దానికి.