బలమైన పుంజుకే పిల్లలెక్కువ పుడతాయా?

రాజాం పెరటికోళ్లు:
సంతలో కొన్న పుంజు మా పెరట్లో రాజ్యమేలుతోంది. పాత పుంజును గింజల దగ్గరికి కూడా రానివ్వదు. అయినా పొదిగేసిన 12 గుడ్లను ఏడో రోజు రాత్రి టార్చి మీద పెట్టి చూస్తే ఐదింటిలోనే ఎర్రటి నరాలు కనబడ్డాయి. మిగతా ఏడూ ఉత్త పసుపు వెలుగే. పుట్టిన పిల్లల్లో నాలుగింటికి పాత పుంజులాగే నిలువు జుట్టు. బలమున్నదానికే సంతానం అంటారు కదా?

టెక్కలి పశువైద్యం:
కొత్త పుంజు జుట్టు ఎలా ఉంటుంది?

రాజాం పెరటికోళ్లు:
రంపంలా నిలబడదు. నెత్తికి అతుక్కుని, బుడిపెలతో, వెనక్కి మొనతేలి ఉంటుంది. ఆ అందం చూసే కొన్నాను.

టెక్కలి పశువైద్యం:
దాన్ని రోజ్ కోంబ్ అంటారు. ఏడో క్రోమోజోమ్‌లో సుమారు 74 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క తిరగబడితే వచ్చే జుట్టు అది. 2012లో తేలింది. ఆ ముక్క తెగిన చోటే వీర్యకణాల కదలికకు కావలసిన జన్యువు పాడవుతుంది. ఒక కాపీ ఉంటే ఇబ్బంది లేదు, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే వీర్యకణాలు మందగిస్తాయి. పుంజు ఎంత పొగరుగా తిరిగినా లోపల పరుగు వేరు.

చీపురుపల్లి జువాలజీ:
అన్నీ పుంజుకే అంటగట్టకండి. పెట్ట శరీరమే అసలు పరీక్ష పెడుతుంది. డ్రోసోఫిలా బైఫర్కా ఈగనే చూడండి, ఒళ్లు 3 మిల్లీమీటర్లు, వీర్యకణం 5.8 సెంటీమీటర్లు! ఈ ఈగల జాతిలో ఆడదాని నిల్వ గొట్టం పొడవైన కొద్దీ మగదాని కణమూ పొడవైంది. మన పెట్ట కూడా వీర్యాన్ని రెండు మూడు వారాలు దాచుకుంటుంది.

టెక్కలి పశువైద్యం:
ఒప్పుకుంటాను. కానీ పెట్ట ఎంపిక ఇక్కడ కొత్త పుంజుకే కలిసిరావాలి. కింది స్థాయి పుంజుల వీర్యాన్ని పెట్టలు బయటికి నెట్టేస్తాయని 2000లోనే చూశారు. అంత మొగ్గున్నా ఓడిందంటే నా అనుమానం కణాల మీదే. ఒకటి మాత్రం నిజం, నిలువు జుట్టు పిల్లలు దానివి కావని ఇప్పుడే చెప్పలేం. ఒక్క కాపీయే ఉంటే సగం అలాగే పుడతాయి, అప్పుడు నా వాదన తప్పు. నిలువు జుట్టు పెట్టలతో దాన్నొక్కదాన్నే వదిలి చూడండి. పిల్లలన్నీ బుడిపె జుట్టువైతే రెండు కాపీలున్నట్టే.

రాజాం పెరటికోళ్లు:
రేపే పాత పుంజును వేరే గంప కింద మూస్తాను. మూడు వారాల దాకా గుడ్లు పొదిగించను, పాత వీర్యం అయిపోవాలి కదా. జూన్‌కల్లా పిల్లల ఫొటోలు పెడతాను.