క్యాన్ నీళ్లే తాగుతున్నాం, అయినా పిల్లోడికి మళ్లీ జియార్డియా. ఎట్టా వస్తుంది?

దర్శి కోడలు:
నమస్తే అందరికీ. మాది దర్శి దగ్గర పల్లె. మా వాడికి నాలుగున్నరేళ్లు. సంక్రాంతి అయినప్పటి నుంచి మోషన్స్ వదలడం లేదు. నీళ్లలాగా కాదు, జిడ్డుగా, ఎన్ని నీళ్లు పోసినా తేలుతూనే ఉంటుంది, ఆ వాసనైతే చెప్పలేను. పొట్ట ఉబ్బరం, కుళ్లిన గుడ్డు వాసన త్రేన్పులు, ముద్ద ముట్టడు. ముందు దిష్టి అన్నారు, తీశాం. అరగలేదన్నారు, వాము నీళ్లు పట్టాం. చివరికి ఒంగోలు తీసుకెళ్తే డాక్టరు గారు మలపరీక్ష చేయించి జియార్డియా అని చెప్పి సిరప్ రాశారు. తగ్గింది. నెలన్నర తిరక్కుండా మళ్లీ అదే.

నాకు అర్థం కానిది ఏందంటే, మేం చెరువు నీళ్లు తాగం. ఫ్లోరైడ్ భయంతో ఊళ్లో ప్లాంటు పెట్టినప్పటి నుంచి క్యాన్ నీళ్లే. సాగర్ కాలవ వదిలినప్పుడు నింపే చెరువు నీళ్లు వాడుకకే. పైగా మా అత్తమ్మ క్యాన్ నీళ్లు కూడా పాత పంచె నాలుగు మడతలేసి వడగట్టి గానీ బిందెలో పోయదు. అంగన్‌వాడీలో ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర కూడా వేశారు. ఇన్ని చేసినా వస్తే ఇంకేం చెయ్యాలి? ప్లాంటు వాళ్లని నిలదీయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ల్యాబ్ బాబాయ్ (కావలి):
అమ్మాయ్, ఇరవై రెండేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నా, ఈ ప్రశ్న వారానికి ఒకరన్నా అడుగుతారు.

ముందు ఆ మాత్ర సంగతి. ఆ రోజు వేసేది ఆల్బెండజోల్, ఏలికపాములు, కొంకి పురుగులు అట్టాంటి వాటి కోసం. జియార్డియా పురుగు కాదు, ఒంటి కణం జీవి, ఆ ఒక్క మాత్రకి పోదు. అది కడుపులోంచి బయటికొచ్చేటప్పుడు చుట్టూ పెంకు కట్టుకుని వస్తుంది, దాన్నే సిస్ట్ అంటాం. సైజు 8 నుంచి 12 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు. చల్లటి నీళ్లలో వారాలు, నెలలు కూడా బతుకుతుంది. పది సిస్టులు లోపలికి పోయినా జబ్బు రావొచ్చు. మీ అత్తమ్మ పంచె ఎన్ని మడతలేసినా దానికి అది తీసి పెట్టిన గేటే. పంచాయతీ వాళ్లు వేసే బ్లీచింగు కలరా, టైఫాయిడ్ క్రిముల్ని చంపుతుంది గానీ, కుళాయి చివర లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండే క్లోరిన్‌కి ఈ పెంకు లొంగదు. బంక విరేచనాలు తెచ్చే అమీబాదీ ఇదే కథ. గలగలా ఒక్క నిమిషం మరిగితే మాత్రం రెండూ చస్తాయి.

ఇక ప్లాంటు. ఆర్వో పొర బాగుంటే సిస్ట్ దాన్ని దాటి రాలేదు. అందుకే వాళ్ల మీదికి పోయే ముందు, నీళ్లు ఆ పొర దాటాక మీ వాడి నోటి దాకా ఏ దారిన వస్తున్నాయో ఒకసారి చూడు. క్యాన్ ఎవరు కడుగుతున్నారు, దేంతో కడుగుతున్నారు? బిందెలో ముంచే చెంబు ఎక్కడ పెడుతున్నారు? పిల్లోడికి కడిగిన చెయ్యి సబ్బుతో తోముతున్నారా, లేక రెండు చెంబుల నీళ్లు పోసుకుని అదే చేత్తో బిందె మూత తీస్తున్నారా? కోపం తెచ్చుకోకు, మా ఇంట్లోనూ అదే జరిగేది, మా ఆవిడకి చెప్పబోతే నాలుగు రోజులు మాటల్లేవు. శానిటైజర్ మాత్రం నమ్ముకోవద్దు, ఈ పెంకు దానికి సరిగా చావదు.

ఇంకో మాట. పోయినసారి మిగిలిన సిరప్ మళ్లీ పట్టకండి. జియార్డియా పోయినా కొన్నాళ్లు పాలు పడక మోషన్స్ అవ్వొచ్చు, అందుకే చూడగానే మళ్లీ అదేనని తేల్చుకోవద్దు. వేరు వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వండి, ఒక రోజు స్లైడు మీద ఒక్కటీ కనపడదు, మర్నాడు గుంపుగా ఉంటాయి. ఇంట్లో మిగతావాళ్లకీ పరీక్ష చేయించాలేమో డాక్టరు గారిని అడుగు. ఏ బాధా లేకుండా మోసేవాళ్లు ఉంటారు.

చీమకుర్తి కుర్రోడు:
బాబాయ్ చెప్పింది కరెక్ట్. నేను రెండేళ్లు ఒక ప్లాంటులో చేశా, ఏ ఊరో అడక్కండి. అయిదు రూపాయల బిళ్ల వేస్తే ఇరవై లీటర్లు. నీళ్లలో తప్పు లేదు సార్, తప్పంతా క్యాన్‌లో. ఒక టబ్బు పెట్టి పొద్దున నింపిన నీళ్లతోనే సాయంత్రం దాకా వచ్చిన ప్రతి క్యాన్‌నీ తొలిపేవాళ్లం. గొడ్ల కుడితి తొట్టి పక్కన పెట్టిన క్యానూ అందులోనే, మీ ఇంటి క్యానూ అందులోనే. నేనే చేశా, ఒప్పుకుంటున్నా. మీ క్యాన్ మూత తీసి మెడ మరల్లో వేలు పెట్టి చూడండక్కా, పచ్చగా జారుతూ తగులుతుంది. దాని మీదుగానే నీళ్లు కిందికి దిగేది.

జనం ఏమో టీడీఎస్ మీటరు ముంచి చూస్తారు, 60 చూపిస్తే చాలు, గుళ్లో తీర్థం అన్నట్టు కళ్లకద్దుకుంటారు. ఆ మీటరుకి ఉప్పులు తెలుసు, క్రిములు తెలీవు.

కొండపి అక్క:
ఇంత తతంగం ఉంటే బోరు నీళ్లే మరగబెట్టుకుని తాగితే పోలా? క్యాన్ ఖర్చన్నా మిగులుద్ది.

ల్యాబ్ బాబాయ్ (కావలి):
ఆ పని మాత్రం చెయ్యొద్దక్కా. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకాస్త ఎక్కువవుతుంది. మన జిల్లాల్లో వచ్చిన చిక్కే ఇది, వంగిపోయిన నడుముల్ని చూసి ఫ్లోరైడ్‌కి భయపడటం నేర్చుకున్నాం, కంటికి కనపడనిదాన్ని పట్టించుకోం. బోరులో ఫ్లోరైడ్ ఉన్న ఊరైతే రెండూ కావాలి. ప్లాంటు నీళ్లు తెచ్చి, తాగే నీళ్ల మటుకు మరగబెట్టుకోవాలి.

కొండపి అక్క:
అట్టయితే గ్యాసు మాటేంది? నేనైతే పెరట్లో నీళ్ల పొయ్యి మీద పెడతా, చిల్లకంపకి కరువా మనకి. తాగడానికి ఇంటిల్లిపాదికీ రోజుకి పది లీటర్లు చాలు, ఇరవై కాచాల్సిన పన్లేదు. కాకపోతే పొగ వాసనని మా ఆయన గొణుగుతాడు. చల్లారాక ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నాలుగుసార్లు తిరగబోస్తే కొంత పోతుంది. బిందె బదులు కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కొనుక్కో చెల్లీ, ముంచే పనే ఉండదు.

రిటైర్డ్ మాస్టారు (కందుకూరు):
మీరంతా ఆ పెద్దావిడ పంచెని తీసిపారేస్తున్నారు, కొంచెం ఆగండి. అమ్మా, మీ అత్తగారి పుట్టిల్లు ఎక్కడ?

ఎందుకు అడుగుతున్నానంటే, మా అమ్మమ్మగారిది కర్నూలు వైపు. నా చిన్నప్పుడు అక్కడ నారికురుపు చూశాను. కాలి మీద బొబ్బ లేచి, చితికి, అందులోంచి తెల్లటి దారంలా పురుగు తల బయటికి వస్తుంది. మీటరు దాకా పొడవుంటుంది. తెంపితే కాలు చీము పట్టి మూలన పడేస్తుంది, అందుకని పుల్లకి చుట్టి రోజుకి కాస్త కాస్తగా లాగాలి, వారాలు పడుతుంది. మంటకి తాళలేక మనిషి దిగుడు బావి మెట్లు దిగి కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లల్ని వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నీటి పురుగు మింగుతుంది, ఆ నీళ్లు మనం మింగుతాం, ఏడాదికి మన కాల్లోంచి పురుగు వస్తుంది. దీనికి మందూ లేదు, టీకా లేదు. ఆ సైక్లాప్స్ మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి బట్టకి చిక్కుతుంది. దిగుడు బావుల్ని చేదబావులు చేసి, బోరింగులు వేసి, నీళ్లలో సైక్లాప్స్‌ని చంపే టెమిఫాస్ మందు కలిపి, ఇంటింటికీ చెప్పి నీళ్లు వడగట్టించి ఆ జబ్బునే లేకుండా చేశారు. మన దేశంలో ఆఖరి కేసు 1996 జూలైలో, రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ప్రపంచం మొత్తం మీద 1986లో 35 లక్షల కేసులుంటే 2023లో 14. అందులో పాత చీరలకీ పంచెలకీ వాటా ఉంది. కాబట్టి ఆవిడ చేసేది చాదస్తం అనకండి. వేరే జబ్బుకి సరైన పని అది.

దర్శి కోడలు:
మాస్టారూ, మీ మెసేజ్ చదివి మధ్యాహ్నం అత్తమ్మని అడిగాను. పుట్టిల్లు కర్నూలు వైపే! పెళ్లయి పన్నెండేళ్లయింది, ఆ పంచె ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు. వాళ్ల నాయనకి మడమ దగ్గర వచ్చిందట. అగ్గిపుల్లకి చుట్టుకుని, పుల్ల ఊడకుండా గుడ్డ పీలిక కట్టుకుని, కోతలప్పుడు నెల రోజులు అరుగు మీదే కూర్చున్నాడట. ‘ఆ ఏడు మా పైరు పక్కోళ్లు కోశారు’ అంది. ఆ తర్వాత వాళ్లమ్మ వడగట్టని నీళ్లు ఇంట్లో ఎవరికీ ఇవ్వలేదట.

తమ్ముడూ, క్యాన్ మెడలో వేలు పెట్టాను. నువ్వు చెప్పినట్టే ఉంది, ఛీ. బాటిల్ బ్రష్‌తో రుద్ది వేడి నీళ్లతో కడిగాను. ఇక నుంచి క్యాన్ ఇంట్లోనే కడిగి పంపిస్తాం, ప్లాంటు టబ్బులో ముంచొద్దని ఆయనకి చెప్పాను.

బాబాయ్, మీరడిగిన చెంబు సంగతి... అది బాత్‌రూముకి పోయే దారిలో గూట్లో ఉంటుంది. వాడికి కడిగేది అత్తమ్మే. సబ్బు గురించి నేను అంటే బాగుండదని ఆయన చేత చెప్పించాను, ‘నా చెయ్యి మురికా’ అని కాసేపు అలిగింది గానీ, రెండు చోట్లా సబ్బు పెట్టాను. డ్రమ్ము ఆదివారం సంతలో చూస్తాం, అందాకా పొడుగు కాడ గరిట మేకుకి తగిలించాను. శాంపిళ్లు రెండు ఇచ్చాం, మూడోది శుక్రవారం. నీళ్లు కాస్తున్నాం, చల్లారాక అత్తమ్మ మళ్లీ పంచె వేసి వడగడుతోంది. వద్దనలేదు, పంచె మాత్రం రోజూ ఉతికి ఎండలో వేస్తున్నా.