సముద్రం వేడెక్కితే పగడపు దిబ్బలు గంజాం తీరానికి వస్తాయా?

గోపాలపూర్ కుర్రాడు:
నూనె కవళ్లు ఒకప్పుడు ఎక్కువగా మలబారు తీరంలో దొరికేవి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఉత్తరానికి జరిగి, ఇప్పుడు తూర్పు తీరంలోనూ వలలకు పడుతున్నాయి. మరి మన్నార్ సింధుశాఖ పగడాలు కూడా ఇలాగే మన వైపు వస్తాయా? దిబ్బ ఉంటే చేప ఉంటుందని మా ఊళ్లో పెద్దవాళ్ల ఆశ.

బాహుదా ఒడ్డు:
వస్తాయనే నా నమ్మకం. జపాన్‌లో జరిగింది కదా! 80 ఏళ్ల రికార్డులు చూసి 2011లో యమానో అనే శాస్త్రవేత్త బృందం చెప్పింది, కొన్ని పగడపు జాతులు ఏడాదికి 14 కిలోమీటర్ల దాకా ఉత్తరానికి పాకాయని. మన తీరం వెంట కూడా ఫిబ్రవరి నుంచి మే దాకా నీటి వాటం ఉత్తరానికే. పగడపు పిల్లలు అందులో కొట్టుకురావడానికి అడ్డేముంది?

బరంపురం టీచర్:
అడ్డు చాలానే ఉంది తమ్ముడూ. కవళ్లు నీళ్లు నచ్చకపోతే మందగా కదిలిపోతాయి. పగడం అలా కాదు. దాని ఒంట్లో నాచు కణాలు కాపురం ఉంటాయి. ఎండతో అవి చేసే తిండే పగడానికి ముఖ్యమైన ఆహారం. అంటే రెండు జీవులూ కలిసి జరగాలి. చాలా జాతుల్లో పిల్ల పగడం తల్లి నుంచి నాచు తెచ్చుకోదు, దిగిన చోట నీళ్లలోంచే పట్టుకోవాలి. తగిన రకం దొరక్కపోతే ఆ పిల్ల నిలవదు.

ఇక మన నీళ్లు చూడండి. వానాకాలంలో రుషికుల్య మొగ దగ్గర నీళ్లు బురద బురదగా ఉంటాయి. పైన మహానది, ఇంకా పైన గంగ. ఉప్పు తగ్గుతుంది, వెలుతురు లోపలికి దిగదు. అడుగున ఎక్కువగా ఇసుక, బురద. పగడానికి గట్టి రాయి కావాలి. జపాన్‌కి కురోషియో ప్రవాహం తేటైన వెచ్చని నీళ్లు మోసుకెళ్తుంది, పైగా వాళ్లకి ఉత్తరాన ఇంకా సముద్రం ఉంది. మన బంగాళాఖాతం 22 డిగ్రీల దగ్గరే నేలకి తగిలి ఆగిపోతుంది. జపాన్ లెక్క తెచ్చి ఇక్కడ పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

బాహుదా ఒడ్డు:
వేడిని తట్టుకునే నాచు కూడా ఉంది కదా టీచర్ గారూ, డురుస్డినియం రకం. దానితో బతికిన పగడాలు ఉన్నాయి.

బరంపురం టీచర్:
ఉన్నాయి. కానీ ఆ నాచుతో పగడం నెమ్మదిగా పెరుగుతుంది, బురదకి అది మందు కాదు. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తన నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. 2024లో లక్షద్వీప్‌లో జరిగింది ఇదే. ఎనిమోన్లు అని పువ్వుల్లా కనిపించే సముద్ర జీవులున్నాయి, వాటిలోనూ ఇలాగే నాచు ఉంటుంది. 2016లో పసిఫిక్‌లోని మూరియా దీవి దగ్గర అవి తెల్లబడ్డప్పుడు వాటిలో ఉండే క్లౌన్ చేపల గుడ్లు 73 శాతం తగ్గాయి. ఈత వచ్చినా ఆ చేప వేరే చోటికి పోలేదు, ఎనిమోన్ లేకపోతే దానికి దిక్కు లేదు.

గోపాలపూర్ కుర్రాడు:
అయితే చేపల కోసం సముద్రంలో కాంక్రీటు దిబ్బలు వేయమని అర్జీ పెట్టొద్దంటారా మాస్టారూ?

బరంపురం టీచర్:
పెట్టండి బాబూ, తప్పకుండా పెట్టండి. చేపలు చేరతాయి, అదే మనకు కావాల్సింది. పగడాలు వస్తాయని మాత్రం అందులో రాయొద్దు, రేపు రాకపోతే పథకమే దండగన్న మాట వస్తుంది. ట్రాలర్లు అడుగు గీకే చోటు ఏది, చిన్న పడవలకు అందే లోతు ఎంత అన్నది మీ పెద్దలకే తెలుసు. ఆ సంగతి అర్జీలో మొదటే రాయించండి.