ఇంటి వెనక మాటు కోసం ఏ చెట్లు పెట్టాలి? నర్సరీలో ఇచ్చిన ఈ మొక్క అసలు ఏమిటి?

హనుమకొండ కోడలు:

అందరికీ నమస్తే. మాది హనుమకొండలో వడ్డేపల్లి వైపు 200 గజాల ఇల్లు. ఇంటి వెనక 13 అడుగుల జాగా వదిలి కట్టుకున్నాం. బోరు, బట్టలు ఉతికే బండ, గిన్నెలు తోమే గచ్చు అన్నీ అక్కడే, ఎడమ మూలకు సెప్టిక్ ట్యాంకు. ఇన్నేళ్లూ వెనక ప్లాటు ఖాళీగా ఉండేది కాబట్టి ప్రహరీ గోడ 5 అడుగులే పెట్టుకున్నాం. పోయినేడు అక్కడ గ్రౌండ్ మీద రెండంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ల బాల్కనీలు రెండూ మా గోడకు నాలుగడుగుల దూరంలో, సరిగ్గా మా బండ మీదికే చూస్తుంటాయి. మంచివాళ్లే, వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు, వాళ్ల బాల్కనీలో వాళ్లు నిలబడతారు కదా. కానీ మా అత్తమ్మ ఆదివారం తలకు పోసుకుని వెనక పీట మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకోవడం మానేసింది. ఎండలో కూడా కొంగు తలమీద కప్పుకొని గిన్నెలు తోముతోంది. ఆమె ఏమీ అనదు, చూస్తే నాకే ప్రాణం చివుక్కుమంటుంది.

గ్రీన్ నెట్ కడితే మొన్నటి గాలిదుమారానికి చిరిగి పక్కవాళ్ల సంపు మీద పడింది. ఇగ చెట్లే పెడదామని రోడ్డు పక్క నర్సరీకి పోతే, మూడడుగుల మొక్కలు ఎనిమిది ఇచ్చారు. ఏడాదిలో గోడ దాటి పోతుంది, ఎండాకాలం కూడా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు అన్నారు. పేరేంటి అంటే 'ఫారిన్ అశోక' అన్నారు. గోడ పొంటి మూడు నాటాము, ఐదు ఇంకా కవర్లలోనే ఉన్నాయి. ఆకు నా వేలంత పొడవు, సన్నగా, రెండు కొసలా మొనదేలి, నున్నగా మెరుస్తుంటుంది, కొమ్మకు ఎడమకొకటి కుడికొకటి వస్తుంది. పక్కింటి అక్క చూసి 'ఇది పెట్టకే, గోడలు పోతాయి' అంది. నిజమేనా? కాకపోతే ఏం పెట్టాలి? మాది మొరంతో కలిసిన ఎర్ర మట్టి, గోడ పొంటి ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు ఉన్నాయి. కోతుల బాధ కూడా ఉంది.

పెరటి తోట, జగిత్యాల:

చెల్లె, నువ్వు చెప్పిన గుర్తులన్నీ కోనోకార్పస్‌వి. మన దగ్గర దుబాయ్ చెట్టు అని కూడా అంటారు. ఒక ఆకు తెంపి చూడు. పాలు కారితే అది మర్రి, రావి జాతిది. నలిపితే జామాయిల్ వాసన వస్తే జామాయిల్. రెండూ లేకుండా ఆకు మందంగా ఉంటే కోనోకార్పస్ అనుకోవచ్చు. ఇంకా నమ్మకం కుదరకపోతే నర్సరీలో పెరిగిన చెట్టును చూపించమని అడుగు, కొమ్మల చివర్లకు బఠాణీ గింజంత గుండ్రటి ఆకుపచ్చ బుడిపెలు గుత్తులుగా ఉంటాయి, చొక్కా గుండీల్లాగా. అశోక ఆకైతే జానెడు పొడవుండి అంచులు అలలు అలలుగా ఉంటాయి, ఈ రెండింటికీ పోలికే లేదు.

తెలంగాణ ప్రభుత్వం మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం 2015లో మొదలైనాక డివైడర్ల మీద, కాలనీల్లో దీన్ని విపరీతంగా నాటారు, త్వరగా పెరుగుతుందని. ఇది సముద్రం ఒడ్డున, ఉప్పు నేలల్లో బతకడం నేర్చిన జాతి, ఎక్కడ తడి ఉంటే అక్కడికి వేరు పోతుంది. మీ ఇంట్లో తడి ఎక్కడుంది? సెప్టిక్ ట్యాంకు దగ్గర, డ్రైనేజీ పైపు దగ్గర, బోరు దగ్గర. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటొద్దని నిషేధించింది. పుప్పొడితో జలుబు, దగ్గు, ఉబ్బసం వస్తున్నాయని, వేళ్లు కేబుళ్లనూ డ్రైనేజీ, మంచినీటి పైపులనూ పాడు చేస్తున్నాయని కారణాలు చెప్పింది. మా చుట్టాలింట్లో ఆరేళ్ల చెట్టు కొట్టేసి నేల తవ్వితే, నాలుగించుల డ్రైనేజీ పైపు నిండా జడ అల్లినట్టు వేళ్లు బయటపడ్డాయి. నేను కళ్లారా చూశాను, ఒక బకెట్‌కు పైనే అయింది. నీవి ఇంకా మూడడుగులే కాబట్టి వేరుతో సహా తీసెయ్యి, కొట్టి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది.

'అశోక' అన్న పేరుతో కూడా జాగ్రత్త. మనం స్కూళ్ల దగ్గర, గుళ్ల దగ్గర చూసే నిటారు చెట్టు నరమామిడి, వాడుకలో దాన్నే అశోక అంటాం. గుత్తులుగా నారింజ రంగు పూలు పూసే అసలు అశోకం వేరే. అది నిదానంగా పెరుగుతుంది, నీ అవసరానికి పనికిరాదు. నరమామిడి పనికొస్తుంది, వెడల్పు పెరగదు కాబట్టి ఇరుకు జాగాకు మంచిది, ఏడాదంతా ఆకు ఉంటుంది. కానీ మూడడుగులకొకటి చొప్పున వరసగా పెట్టాలి, అది కూడా ఏడాదిలో మాటివ్వదు, నాలుగైదేళ్లు ఓపిక పట్టాలి. కాయలకు రాత్రిళ్లు గబ్బిలాలు వస్తాయి, మీ అత్తమ్మకు అది ఇబ్బందేమో అడుగు.

ఇళ్లు కట్టించే పని, కరీంనగర్:

అక్కా, చెట్టు పేరు తర్వాత తేల్చుకుందాం, ముందు ఎంత ఎత్తు కావాలో తెలుసుకోండి. చాలామంది మాటు అనగానే గోడ పొంటే చెట్లు పెడతారు, అక్కడే ఖర్చూ ఏళ్లూ రెండూ పెరుగుతాయి. మీరు చెప్పిన కొలతలే తీసుకుంటాను. బాల్కనీ గోడకు 4 అడుగులు, మీ బండ గోడకు ఓ 10 అడుగులు ఉంటుంది అనుకుందాం. మొదటి అంతస్తులో నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి 17 అడుగులు, రెండో అంతస్తులో 27 అడుగులు ఉంటుంది. పీట మీద కూర్చున్న అత్తమ్మ తల మూడడుగులు. ఇప్పుడు గోడకు రెండడుగుల లోపల చెట్టు పెడితే మొదటి అంతస్తు చూపు ఆగడానికి 11 అడుగులు కావాలి, రెండో అంతస్తుకు 17 అడుగులు కావాలి. అదే మాటు బండకు రెండడుగుల దూరంలో పెడితే మొదటిదానికి 5, రెండోదానికి ఆరున్నర అడుగులు చాలు! నిలబడి బట్టలు ఆరేసేటప్పుడు కూడా కనపడొద్దంటే 8 అడుగులు. మాటును మనిషికి దగ్గరగా జరిపితే ఎత్తు సగానికి సగం తగ్గిపోతుంది.

లెక్క వద్దనుకుంటే ఇలా చేయండి. ఆదివారం పొద్దున మీరు పీట మీద కూర్చోండి, ఇంట్లో ఇంకొకరి చేతికి పొడవాటి కర్ర ఇచ్చి మీకు రెండడుగుల ముందు నిలబెట్టించండి. రెండో అంతస్తు బాల్కనీలో మనిషి తల ఉండే చోటును కర్ర కొస దాటేదాకా పైకి లేపమనండి. ఆ ఎత్తుకు కర్ర మీద సున్నంతో గీత గీసి టేపుతో కొలవండి. గోడ దగ్గర కూడా అలాగే చేయండి. ఈ ఒక్క పనికి పావుగంట పడుతుంది.

నా మాటైతే, బండ పక్కన 8 అడుగుల ఎత్తుకు జీఐ పైపులతో పందిరి వేసి తీగ ఎక్కించండి, పై అంతస్తు చూపుకు అడ్డంగా పైకప్పు కూడా అదే అవుతుంది. బాల్కనీ పడమర వైపైతే మీకు సాయంత్రం ఎండ కూడా తగ్గుతుంది. గోడ పొంటి మామూలు పూల పొదలు చాలు. ఏం పెట్టినా సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ కనీసం 8-10 అడుగులు వదలండి, కరెంటు తీగల కింద పెద్ద చెట్లు అసలే వద్దు.

పెరటి తోట, జగిత్యాల:

అన్న చెప్పింది బాగుంది, పందిరికి నా ఓటు కూడా. తీగలో నాకు బాగా నచ్చింది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, పొద్దునకల్లా గులాబీ, తర్వాత ఎర్రగా మారుతుంది, రాత్రంతా వాసన. నేలలో పెట్టి నీళ్లిస్తే రెండు వానాకాలాల్లో పందిరి కప్పేస్తుంది, కాకపోతే ఏడాదికొకసారి గట్టిగా కత్తిరించకపోతే పైపులే వంచుతుంది. ఈలోపు ఈ వానాకాలం నుంచే మాటు కావాలంటే అదే పందిరికి చిక్కుడు, దొండ ఎక్కించు, మూడు నెలల్లో ఆకు కమ్ముతుంది. కూరకు కూడా పనికొస్తాయి, అత్తమ్మకు కోసుకునే పని దొరుకుతుంది.

కోతుల సంగతి మాత్రం మరిచిపోకు. మాటు కోసమని నేను జామ, మునగ పెట్టి మస్తు నష్టపోయాను. మునగ ఏడాదిలో డాబా దాకా పోయింది నిజమే, కానీ ఒక్క కోతి కొమ్మ పట్టుకుని ఊగితే సగం చెట్టు విరిగి పడింది, చలికాలంలో కాండం మీద గొంగళి పురుగులు కుప్పలు కుప్పలు. జామకాయలు పసుపు తిరగకముందే మంద వచ్చి కొరికి పారేసేది, అదే చెట్టు మీదుగా డాబా ఎక్కి ట్యాంకు మూత పీకేసేవి. పండ్ల చెట్టు, డాబాకు ఆనే చెట్టు రెండూ వద్దు. మా ఇంట్లో గోరింటనూ నందివర్ధనాన్నీ అవి ఎన్నడూ పట్టించుకోలేదు.

వెదురు మంచిదేనా అని ఎవరైనా అడుగుతారు, ముందే చెబుతున్నా. నర్సరీలో అడిగేటప్పుడు గుబురుగా ఒకేచోట పెరిగే రకమా, నేల కింద పాకే రకమా అని తప్పకుండా అడగాలి. కంచె కోసం అమ్మే సన్న వెదురు సాధారణంగా గుబురు రకమే, ఆ రకం గోడలకు అంత ప్రమాదం కాదు, కానీ రాలిన ఆకు రోజూ ఊడ్చాలి. బిందెలు పెట్టే చోట నేనైతే పెట్టను.

రిటైర్డ్ మాస్టారు, పరకాల:

బిడ్డా, వెదురు మాటలో జగిత్యాల అమ్మాయితో ఏకీభవిస్తాను, ముఖ్యంగా పాము భయం. ఆకు రాలి గుబురు కింద మెత్తగా, చల్లగా పేరుకుంటే కప్పలు చేరతాయి, వాటి వెనక పాము వస్తుంది. అత్తమ్మ చీకట్లో వెనకకు పోతుందంటే ఏ పొద అయినా కింది రెండడుగులు కొమ్మలు కోసి నేల కనపడేట్టు ఉంచండి.

గోడ పొంటికి నేను గోరింట చెబుతాను. మన పాత ఇళ్లకు కంచె అదే కదా, ఎండలకు, మొరం నేలకు అది భయపడదు. నాటిన మొదటి ఏడాదే మోకాలి ఎత్తులో తల తుంచాలి. అందరూ ఎత్తు పోవాలని తుంచకుండా వదిలేస్తారు, అప్పుడు కింద కాండం బోడిగా, పైన గొడుగులాగా అయి మాటు ఉండదు. తుంచితే కింది నుంచే కొమ్మలు చీలి ఒత్తుగా వస్తుంది. నడి ఎండాకాలంలో నీళ్లు తక్కువైతే ఆకు రాలుస్తుంది కాబట్టి వారానికి రెండు తడులు తప్పనిసరి. మధ్య మధ్య నందివర్ధనం పెడితే ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నీడలో కూడా బతుకుతుంది, పూజకు పువ్వు దొరుకుతుంది. గన్నేరు మాత్రం వద్దు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అది విషం.

ఇప్పుడు మే నెలలో నాటొద్దు. గుంతలు ఇప్పుడే తవ్వి ఎండ పెట్టండి, మృగశిర కార్తె వానలు పడ్డాక నాటండి. ఒక మాట ముందే తెలుసుకోండి, చెట్టు పెద్దదయ్యాక వద్దనుకుని కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి అడగాల్సి రావచ్చు. అందుకే నాటేటప్పుడే ఆలోచించాలి.

హనుమకొండ కోడలు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆకు తెంపి చూశాను, పాలు లేవు, వాసన లేదు. నర్సరీకి పోయి పెద్ద చెట్టు అడిగితే గేటు పక్కన ఉన్నది చూపించారు, కొమ్మ చివర్ల గుండీలు కనపడ్డాయి. నాటిన మూడింటినీ ఈ పొద్దున మా ఆయన తవ్వి తీశారు. ఒక్క నెలలోనే మొక్క ఎత్తుకు సగం పొడవు వేరు పక్కవాళ్ల సంపు దిక్కు పోయింది, చూసి మాకు ఒళ్లు జలదరించింది.

కర్ర పరీక్ష కూడా చేశాం. అత్తమ్మనే పీట మీద కూర్చోబెట్టాను, బాబు కర్ర లేపుతుంటే 'ఇంకా, ఇంకా, ఆగు' అని ఆమే చెప్పింది. బండ దగ్గర 7 అడుగుల 2 అంగుళాలు వచ్చింది, గోడ దగ్గరైతే మా కర్ర సరిపోలేదు. అన్నా, మీ లెక్కకు మాది కొంచెం ఎక్కువే వచ్చింది, మా వెనకిల్లు పునాది ఎత్తులో ఉంది. పందిరి 8 అడుగులకే ఖాయం చేశాం, పైపుల మేస్త్రీ ఎల్లుండి వస్తాడు. చిక్కుడు గింజలు అత్తమ్మ ఏదో డబ్బాలో దాచిందట, అడగకముందే తెచ్చి పెట్టింది.

మాస్టారూ, ఒక సందేహం. గోడ పొంటి సిమెంటు పెళ్లల మట్టిలో గోరింట పట్టుకుంటుందా, మట్టి మార్చాలా?

రిటైర్డ్ మాస్టారు, పరకాల:

మార్చాలి బిడ్డా. ఒక్కొక్క గుంత కాకుండా గోడ పొంటి అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కాలువలాగా తవ్వించు, గోడ పునాది నుంచి రెండడుగులు ఇవతలికి. పెళ్లలూ ఇటుక ముక్కలూ అన్నీ ఏరి పారేయండి, సున్నం కలిసిన మట్టిలో ఆకు పసుపు పడుతుంది. రెండు పాళ్లు ఎర్ర మట్టి, ఒక పాలు చివికిన పెంట, గుప్పెడు గుప్పెడు వేపపిండి కలిపి నింపి, రెండు మూడు తడులిచ్చి మట్టి దిగనివ్వండి. తర్వాత అడుగున్నరకు ఒకటి చొప్పున నాటండి.

మొక్కలు కొనొద్దు. మా ఇంటి కంచె ముప్పై ఏళ్లది, జూన్‌లో కత్తిరిస్తాను. పెన్సిల్ లావు ముదురు కొమ్మలు జానెడు ముక్కలుగా కోసి తడి గోనెలో చుట్టి ఉంచుతాను, వరంగల్ వచ్చే బస్సులో మా వాడు వస్తాడు, ఎన్ని కావాలో చెప్పు. అన్నీ పట్టుకోవు, కాబట్టి లెక్కకు రెట్టింపు అడుగు.