వీర్యం నాణ్యత తగ్గిన మగకుక్కని ఇంకా బ్రీడింగ్‌కి వాడొచ్చా?

బొచ్చునేస్తం:
మా లాబ్రడార్‌కి ఆరేళ్లు. తుంటి ఎక్స్‌రే, కళ్ల పరీక్ష క్లీన్, స్వభావం బంగారం. ఇంతకుముందు దీనికి మంచి పిల్లలు పుట్టాయి. ఈసారి క్రాసింగ్ అయినా ఆడకుక్కకి కడుపు నిలవలేదు. వీర్యపరీక్షలో చురుగ్గా ముందుకు ఈదే కణాలు 45 శాతమే వచ్చాయి, 70 పైన ఉండాలట. వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపిస్తే ఛాన్స్ ఉందని డాక్టర్‌గారు అంటున్నారు. చేయించొచ్చా, తప్పించేయాలా?

గట్టిమాట:
తప్పించండి. మామూలుగా కడుపు చేయలేని కుక్కని టెక్నాలజీతో గట్టెక్కిస్తే ఆ బలహీనత పిల్లలకీ పోవచ్చు. వృషణాలు కిందికి దిగని కుక్కని వాడొద్దని అందరం ఒప్పుకుంటాం కదా, దీనికెందుకు మినహాయింపు?

నల్లముక్కు:
అన్నా, ఆ పోలిక కుదరదు. అది చిన్నప్పుడే తేలిపోయే లోపం. ఈ కుక్క ఇప్పటికే తండ్రైంది. కుక్కలో శుక్రకణం తయారవడానికి సుమారు 62 రోజులు, ఆ తర్వాత వృషణం పక్కనే ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలో పక్వమవడానికి మరో రెండు వారాల దాకా పడుతుంది. రెండు నెలల కిందటి జ్వరం ఇవాళ్టి రిపోర్టులో కనిపించొచ్చు.

శాంపిల్ ఎలా తీశారో కూడా అడగండి. ఎదలో ఉన్న ఆడకుక్క దగ్గర లేకపోయినా, మగకుక్క బెదిరినా వీర్యం పూర్తిగా వదలదు. ఆ ద్రవంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చూస్తే ఎపిడిడిమిస్ నుంచి సరుకు వచ్చిందో లేదో తెలుస్తుంది. చాలాకాలం వాడని కుక్క అయితే మొదటి శాంపిల్‌లో పాత కణాలే ఎక్కువ, కొన్ని రోజులాగి ఇంకోసారి తీయాలి. ఆరేళ్లంటే ప్రోస్టేట్ (వీర్యంలో ద్రవాన్ని కలిపే గ్రంథి) పెరిగే వయసు, స్కాన్ తప్పనిసరి.

వీటన్నిటికంటే ముందు బ్రూసెల్లా కానిస్ (సంతానాన్ని దెబ్బతీసే బాక్టీరియా) టెస్ట్, రెండు కుక్కలకీ. అది వీర్యం ద్వారా పాకుతుంది కాబట్టి క్రాసింగ్ మానేసి సిరంజితో పంపినా రక్షణ లేదు. మనుషులకీ అంటుకుంటుంది.

ఇంకోటి, ఆడకుక్క రక్తంలో ప్రొజెస్టెరాన్ హార్మోన్ చూసి క్రాసింగ్ రోజు నిర్ణయించారా? చాలాసార్లు టైమింగ్ తప్పుతుంది, నింద మగకుక్క నెత్తిన పడుతుంది.

గట్టిమాట:
సరే, వెతకనివ్వండి. మూడు నెలల తర్వాత కూడా అంతే వచ్చి, కారణం దొరక్కపోతే? అప్పుడైనా ఆపుతారా, ఇంకో టెస్ట్ అంటారా?

పాతకాపు:
ఆపాలనే నేనూ అంటాను. కానీ తప్పించడమే మందు అనుకోవద్దు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు సహాయక కుక్కల్ని పెంచే ఒక కేంద్రంలో 26 ఏళ్ల పాటు వీర్యం చూసి 2016లో ప్రచురించారు. 1988 నుంచి 1998 దాకా ఈదే కణాల శాతం ఏటా దాదాపు రెండున్నర చొప్పున పడింది. మధ్యలో ఫలదీకరణ సమస్యలున్న మగకుక్కల్ని పక్కన పెట్టారు. అయినా 2002-2014 మధ్య ఏటా 1.2 చొప్పున తగ్గుతూనే వచ్చింది. వృషణాల్లో, వీర్యంలో, కొన్ని ప్యాకెట్ తిండ్లలో కూడా డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిక్ రసాయనం, పీసీబీ 153 అనే పారిశ్రామిక కాలుష్య రసాయనం దొరికాయి. తిండి వల్లే అని రుజువైందని కాదు, అనుమానం మాత్రం బలమైనది. అలాంటప్పుడు తుంటి, కళ్లు బాగున్న మగకుక్కల్ని వరసగా తీసేస్తూ పోతే మిగిలిన నాలుగింటి చుట్టూ జాతంతా తిరుగుతుంది. ఆ ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తసంబంధంలో క్రాసింగ్) కూడా వీర్యాన్ని దెబ్బతీసేదే.

గట్టిమాట:
ఆ లెక్క ఒప్పుకుంటా. గర్భాశయంలోకి పంపడం మాత్రం ఇప్పుడు వద్దు.

బొచ్చునేస్తం:
ముందు బ్రూసెల్లా, స్కాన్ చేయిస్తాను. ఈలోగా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వేయిస్తే పుంజుకుంటుందని ఒకాయన చెప్పాడు, పర్లేదా?

నల్లముక్కు:
అస్సలు వద్దండీ! బయటినుంచి హార్మోన్ వస్తే మెదడు వృషణాలకు సిగ్నల్ తగ్గించేస్తుంది, ఉన్న ఉత్పత్తీ పడిపోతుంది. స్కాన్‌లో ప్రోస్టేట్ పెరిగినట్టు తేలితే దాన్ని తగ్గించే ఫినాస్టెరైడ్ అనే మందు గురించి డాక్టర్‌గారిని అడగండి. అది వీర్యం పరిమాణాన్ని తగ్గిస్తుంది గానీ కణాల జోలికి పెద్దగా పోదు.